చెవి ముందు, చెయ్యి వెనక: పెద్ద వయసులో ఫిడేలు

బొబ్బిలి వీణకి మైనం మీద కూర్చోబెట్టిన మెట్లు 24 ఉంటాయి. వేలు మెట్టుకి ఒక పిసరు వెనక పడినా స్వరం మెట్టు దగ్గరే పలుకుతుంది. ఫిడేలు మెడ మీద అలాంటి ఆసరా ఏదీ లేదు. నున్నటి నల్లచెక్క, దాని మీద నాలుగు తీగలు, అంతే. వేలు పడ్డచోటే స్వరం. అందుకే నలభయ్యో ఏట ఫిడేలు పట్టుకుంటానన్నవాళ్లకి ముందుగా వినపడే మాట, "అది చిన్నప్పుడే మొదలెట్టాలి కదా" అని.

విజయనగరంలో ఈ మాట ఇంకాస్త గట్టిగా వినపడుతుంది. 1919లో మొదలైన ఇక్కడి సంగీత కళాశాలకి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఆ ఏడే ఫిడేలు ఆచార్యుడిగా చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయినవారు ద్వారం వెంకటస్వామి నాయుడు. విద్యార్థిగా చేరదామని వస్తే వాయించింది విని పంతులుగా కూర్చోబెట్టారని ఊళ్లో చెప్పుకుంటారు. ఫిడేలు నాయుడుగారి ఊళ్లో కొత్తగా కమాను పట్టుకుని గీరడమంటే ఎవరికైనా కాస్త బెరుకుగానే ఉంటుంది.

"చిన్నప్పుడే" అన్న మాటలో నిజం సగమే. పెద్దవాళ్ల వేళ్లు కాస్త బిరుసెక్కిన మాట వాస్తవమే గానీ, మొదటి ఏడాదికి కావలసిన కదలికలు అంత కష్టమైనవేమీ కావు. అసలు చిక్కు చెవి దగ్గరుంది. ఎనిమిదేళ్ల పిల్లకి తన గాంధారం తగ్గిందని తెలీదు, హాయిగా వాయించుకుపోతుంది. నలభై ఏళ్ల మనిషి గుళ్లో హరికథ పక్కన మోగిన ఫిడేలు విన్నాడు, రేడియోలో కచేరీలు విన్నాడు. చెవి వయసు నలభై, చెయ్యి వయసు నాలుగు రోజులు. తను చేసే ప్రతి తప్పూ తనకే వినపడుతుంది. రెండో నెలలోనో మూడో నెలలోనో ఫిడేలు పెట్టె మంచం కిందకి పోవడానికి వేళ్ల కన్నా చెవికీ చేతికీ మధ్య ఉన్న ఈ దూరమే పెద్ద కారణం. అలాగని చెవిని తిట్టుకోనక్కర్లేదు. అది ఒకసారికి ఒకే తప్పు పట్టుకునేలా పని చిన్నచిన్న ముక్కలు చేసుకుంటే అదే మంచి పంతులవుతుంది.

కూర్చోవడం

ఫిడేలు మన సంగీతంలోకి వచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) యూరోపియన్ పద్ధతిలో నేర్చుకుని దాన్ని మన పాటకి తెచ్చారు. వాద్యం మారలేదు గానీ పట్టుకునే తీరు మారింది. పాశ్చాత్యులు గడ్డం కింద బిగించి నిలబడి వాయిస్తారు. మనవాళ్లు బాసింపట్టు వేసుకుని, ఫిడేలు అడుగుభాగం ఎడమ భుజానికి, ఛాతీకి మధ్య ఆనించి, తలభాగం కుడికాలి చీలమండ మీద దించుతారు. రెండు చివరలా ఆనిక దొరకడంతో ఎడమచేతికి మోసే పని ఉండదు. మన సంగీతంలో జారు అంటే చెయ్యి తీగ పొడుగునా పైకీ కిందకీ తిరగాలి. మోసే చెయ్యి అలా తిరగలేదు.

కొత్తవాళ్లకి మొదటి నొప్పి వేళ్లకి రాదు. చీలమండకి, తుంటికి, నడుముకి వస్తుంది. కుర్చీల్లో బతికిన మనిషి నేల మీద కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, నడుము వెనక్కి కుంగుతుంది, దాంతో ఫిడేలు ఛాతీ మీంచి జారుతుంది. అది జారకుండా ఎడమ బొటనవేలు మెడని నొక్కి పట్టుకుంటుంది. ఆ నొక్కుడు అలవాటైతే వదిలించుకోవడానికి ఏడాది పడుతుంది. విరుగుడు చాలా తేలిక. నాలుగు మడతలేసిన దుప్పటి పిరుదుల కింద వేసుకోవాలి, అయిదారు సెంటీమీటర్ల ఎత్తు వస్తే చాలు. మోకాళ్లు దిగుతాయి, వెన్ను నిలబడుతుంది. తలభాగం ఆనేచోట చిన్న తువ్వాలు మడిచి పెడితే ఎముక ఒరుసుకోదు, చెమటకి జారదు. కుదురు చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది: ఎడమచెయ్యి పూర్తిగా తీసేసి పదిసెకన్లు కూర్చోవాలి. ఫిడేలు కదలకపోతే కూర్చున్న తీరు సరే.

మోకాలి అరుగుదల ఉన్నవాళ్లు పంతం పట్టొద్దు. కుర్చీలో కూర్చుని షోల్డర్ రెస్టుతో పాశ్చాత్య తీరులో పట్టుకుని కూడా తొలి పాఠాలైన సరళీ, జంట స్వరాలు నేర్చుకోవచ్చు. జారుల దగ్గర ఇబ్బంది పడతారన్నది మాత్రం ముందే తెలిసుండాలి.

శ్రుతి, తీగలు

మన ఫిడేలుకి తీగలు కట్టే వరస లావుతీగ నుంచి మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం. అంటే స–ప–స–ప. షడ్జమం ఎక్కడ ఉండాలన్నది గొంతు తేల్చాలి, ఎందుకంటే ప్రతి వరసా ముందు పాడి, తర్వాత వాయించాలి. పాడకుండా వాయిస్తే చెవికి గురి ఉండదు.

అంగట్లో తీగల పొట్లం మీద జి, డి, ఎ, ఇ అని ఉంటుంది. ఆడవాళ్లకి వాడుకైన 5 శ్రుతి (షడ్జమం జి దగ్గర) పెట్టుకుంటే లావు తీగలు రెండూ ఉన్నచోటే ఉంటాయి, సన్నతీగలు రెండూ ఒక్కో స్వరం దించితే సరిపోతుంది. ఎటొచ్చీ మగవాళ్లకి చిక్కు. 1 శ్రుతికి (షడ్జమం సి దగ్గరకి) దించితే నాలుగు తీగలూ బాగా వదులైపోతాయి, లావుతీగ కమాను కింద బెల్టులా ఊగుతుంది, పలుకు ఉండదు. ఆ అవస్థ పడేకన్నా 2 నుంచి 3 శ్రుతి మధ్య ఎక్కడో కట్టుకుని గొంతుని కాస్త సర్దుకోవడం మేలు. లేదా ఫిడేలుకి సరిపడే పొడుగులో సి, జి, డి, ఎ వరస తీగలు దొరికితే అవి 1 శ్రుతికి దగ్గరగా కూర్చుంటాయి.

ఫోన్‌లో ట్యూనర్ చూసి శ్రుతి చేసేవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. ట్యూనర్ స్వరం పేరు చూపిస్తుంది, స్థాయి పట్టించుకోని రకాలూ ఉన్నాయి. దించాల్సిన తీగని పై స్థాయి పేరు కోసం ఎక్కిస్తూ పోతే సన్నతీగ టప్పుమంటుంది. పొట్లం మీద రాసినదానికి పైకి పోకుండా కిందికే దించాలన్నది గుర్తుంటే తీగ తెగదు. తీగ బిగించే బిరడా తిప్పేటప్పుడు లోపలికి ఒత్తుతూ తిప్పాలి, ఊరికే తిప్పితే వెనక్కి జారిపోతుంది. చిన్న సర్దుబాటుకి టెయిల్‌పీసు (తీగల కింది చివరలు తగిలించే చెక్క) మీద ఫైన్‌ట్యూనర్లనే చిన్న మరలు ఉండాలి, నాలుగు తీగలకీ ఉంటే కొత్తవాళ్లకి సగం చిరాకు తగ్గుతుంది. శ్రుతి చేసిన ప్రతిసారీ బ్రిడ్జిని, అంటే తీగల్ని పైకెత్తి నిలబెట్టే పలచటి చెక్కని, పక్కనుంచి చూడాలి. బిరడాలు బిగిస్తున్నకొద్దీ దాని తల మెడవైపు వంగుతుంది. టెయిల్‌పీసు వైపు ముఖం నిటారుగా ఉండేలా రెండు చేతుల వేళ్లతో మెల్లగా వెనక్కి లాగాలి. చూడకుండా వదిలేస్తే ఒకనాడు అదే పడిపోతుంది, పై చెక్కకి గంటు పడుతుంది. తీగలు మార్చేటప్పుడు ఒక్కోటీ మార్చాలి. నాలుగూ ఒక్కసారి వదిలేస్తే లోపల జిగురు లేకుండా తీగల ఒత్తిడికే నిలబడ్డ చిన్న కర్ర, సౌండ్‌పోస్టు, పడిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడం చేయి తిరిగినవాళ్ల పని.

కమాను

ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫిడేలు కుడిచేతి వాద్యం. ద్వారం బాణీ అనగానే రసికులు ముందు చెప్పుకునేది నిండైన నాదం, పొడుగు కమాను. కొత్తవాళ్లు మాత్రం మొదటి రోజు నుంచీ చూపంతా ఎడమచేతి వేళ్ల మీదే పెడతారు. నాదం బాగా లేనప్పుడు స్వరం సరిగా పడిందో లేదో చెవికి తేలదు. గీరుతున్న రిషభం ఎక్కువైందా తక్కువైందా అన్నది పంతులుకే కష్టం, శిష్యుడికి ఎలా తెలుస్తుంది? అందుకే మొదటి మూడు నాలుగు వారాలు అరగంట సాధనలో ఇరవై నిమిషాలు వేలు పెట్టని ఉత్త తీగల మీద కమాను లాగడానికే పోవాలి. విసుగే. ఇంట్లోవాళ్లకి ఇంకా విసుగు. బ్రిడ్జి మీద తగిలించే రబ్బరు మ్యూటు ఒకటి కొనుక్కుంటే కాపురం నిలబడుతుంది.

కమాను బరువు సుమారు 60 గ్రాములు. ఆ బరువుని పట్టుకోనక్కర్లేదు, ఆనించుకుంటే చాలు. బొటనవేలు లోపలికి వంగి ఉండాలి, చిటికెన వేలు కర్ర మీద గుండ్రంగా నిలవాలి. బొటనవేలు కర్రలా బిగుసుకుంటే మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే నాదం వణుకుతుంది. వెంట్రుకలు బిగించే కొలత ఏమిటంటే, మధ్యలో కర్రకీ వెంట్రుకలకీ నడుమ పెన్సిలు పట్టేంత సందు. కర్ర తిన్నగా అయిపోయేలా బిగిస్తే కమాను తీగ మీద గెంతుతుంది. సాధన అయిపోగానే వదులు చెయ్యాలి, లేకపోతే కర్ర వంపు పోతుంది.

కొత్త కమాను తీగ మీద లాగితే అసలు చప్పుడే రాదు. చాలామంది వాద్యం పాడైందనుకుని కొట్టుకి పట్టుకుపోతారు. వెంట్రుకలకి రాసే రోజిన్ అనే గట్టి జిగట బిళ్ల పొడి ఇంకా పట్టకపోవడమే కారణం. కొత్త రోజిన్ బిళ్ల అద్దంలా నున్నగా ఉంటుంది, ఉప్పుకాగితంతో పైన కాస్త గీరి, కమానుని దాని మీద ముప్పై నలభైసార్లు ఈ చివర నుంచి ఆ చివరకి లాగాలి. ఆ తర్వాత రోజుకి మూడు నాలుగు లాగుళ్లు చాలు. తీగ కింద తెల్లపొడి రాలుతోందంటే ఎక్కువైనట్టు, అప్పుడు నాదంలో ఇసుక కరకర వినపడుతుంది. వెంట్రుకల్ని చేత్తో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటినచోట రోజిన్ పట్టదు.

లాగే చోటు బ్రిడ్జికీ నల్లచెక్క చివరకీ సరిగ్గా నడుమ, బ్రిడ్జికి సమాంతరంగా. మన ఫిడేలు కాలివైపు వాలి ఉంటుంది కాబట్టి కమాను నెమ్మదిగా పల్లానికి, అంటే నల్లచెక్క మీదకి జారుతుంది. కమాను చివరికి వెళ్లేటప్పుడు మోచెయ్యి తెరుచుకోకపోతే ఇంకా జారుతుంది. ఎదురుగా అద్దం పెట్టుకుంటే తప్ప ఈ జారుడు కనపడదు.

నిమిషానికి 60 కొట్టే మెట్రొనోము పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగు దెబ్బలు, తిరిగి నాలుగు దెబ్బలు. అది నిలకడగా వచ్చాక ఆరు, తర్వాత ఎనిమిది. వచ్చే చప్పుడుని బట్టి మందు ఉంటుంది. గరగర గీరితే కమాను నెమ్మదిగా పోతోంది, ఒత్తిడి ఎక్కువైంది. ఈలలా కీచుమంటే ఒత్తిడి తక్కువై వేగం ఎక్కువైంది, లేదా బ్రిడ్జికి మరీ దగ్గరకి పోయింది. చివర్లో నాదం సన్నబడిపోతే కమాను కొన దగ్గర బరువు తగ్గుతుందన్నది మరిచారు, అక్కడ చూపుడు వేలు ఒక పిసరు ఆనించాలి. పక్క తీగ కూడా పలుకుతుంటే మోచేతి ఎత్తు సరిగా లేదు. ఒక్కో తీగకి మోచెయ్యి ఒక్కో ఎత్తులో ఉంటుంది, మణికట్టుతో తీగ మార్చబోతే రెండు తీగలూ మోగుతాయి.

ఎడమచెయ్యి

పెద్దసైజు ఫిడేలుకి మెడ పైనున్న నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడుగు సుమారు 328 మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకుని లెక్క కడితే మాయామాళవగౌళలో శుద్ధ రిషభం నట్టుకి 20 మి.మీ., అంతర గాంధారం 65 మి.మీ., శుద్ధ మధ్యమం 82 మి.మీ. దూరంలో పడతాయి. ఇప్పుడు పంచమం తీగకి వెళ్తే శుద్ధ ధైవతం 20, కాకలి నిషాదం 65, పై షడ్జమం 82. రెండు తీగల మీదా వేళ్ల అమరిక ఒక్కటే! సరళీ స్వరాలకి ఈ రాగాన్ని ఎంచుకోవడంలో ఫిడేలువాళ్లకి కలిసొచ్చిన సుఖం ఇది.

సుఖంతోపాటు చిక్కూ అక్కడే ఉంది. రిషభానికి మొదటి వేలు, గాంధారానికి రెండో వేలు. ఆ రెంటి నడుమ 45 మి.మీ. సాగాలి. గాంధారం నుంచి మధ్యమానికి 17 మి.మీ. మాత్రమే, మూడో వేలు రెండో వేలికి ఆనుకునే ఉంటుంది. పెద్దవాళ్ల చెయ్యి ఈ ఎగుడుదిగుడుని సమంగా పంచేద్దామని చూస్తుంది. రిషభం పైకి, గాంధారం కిందకి జరుగుతాయి. తప్పు ఎప్పుడూ ఇటే జరుగుతుంది కాబట్టి సాధనలో అనుమానమొస్తే ముందు గాంధారాన్నే చూడాలి. వేలు సాగడం లేదనిపించినవాళ్లు రెండు వారాలు శంకరాభరణం స్వరాల మీద వేళ్లు పెట్టి చూసుకోవచ్చు. రిషభం 36 దగ్గరకొస్తుంది, సాగుడు 29కి తగ్గుతుంది. చెయ్యి లొంగాక మాయామాళవగౌళకి తిరిగిరావాలి.

రెండు మిల్లీమీటర్లు వేలు జారితే పక్క స్వరస్థానానికి ఉన్న దూరంలో సుమారు తొమ్మిదో వంతు తప్పు. చెవి బాగా ఉన్నవాళ్లకి అది ఇట్టే తెలుస్తుంది. అయితే ఫిడేలే సాక్ష్యం చెప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. మంద్ర పంచమం తీగ మీద మూడో వేలు 82 దగ్గర పెడితే మధ్య షడ్జమం వస్తుంది, పక్కనున్న షడ్జమం తీగ పలికేదీ అదే. వేలు సరిగ్గా పడితే ముట్టుకోకపోయినా ఆ పక్క తీగ సన్నగా వణుకుతుంది, కంటికి కనపడుతుంది. షడ్జమం తీగ మీద నాలుగో వేలు 109 దగ్గర పెడితే పంచమం, అప్పుడు పంచమం తీగ వణుకుతుంది. వేళ్ల చోట్లకి సన్న టేపు అంటించడం చాలామంది చేస్తారు. మూడు నెలలు ఉంచుకుంటే తప్పులేదు, ఆ తర్వాత కన్ను చెవి పని చేసేస్తుంది, కాబట్టి పీకేయాలి.

గోళ్లు బొత్తిగా ఉండకూడదు. వేలికొనలు మంటపుట్టి రెండు మూడు వారాల్లో కాయలు కాస్తాయి, అది మామూలే. కీళ్లలో, మణికట్టులో నొప్పి మామూలు కాదు, ఆ పూటకి ఆపేయాలి.

సాధన ఎంత, ఏ వరసలో

ఆదివారం మూడుగంటల కన్నా రోజూ అరగంట నయం. దాన్ని కూడా రెండు పదిహేను నిమిషాలుగా విడగొడితే నడుముకీ మంచిది, చెవికీ మంచిది. సరళీలో మొదట స్వరానికొక కమాను, పిదప రెండు స్వరాలకొకటి, ఆపైన నాలిగింటికొకటి. రెండో కాలం (రెట్టింపు వేగం) వాయించేటప్పుడు స్వరస్థానం చెదిరితే మొదటి కాలానికి దిగిపోవడమే. జంట స్వరాల్లో రెండో స్వరం మీద ఊనిక కమాను ఇవ్వాలి, వేలు ఇచ్చేది కాదు. రోజూ అరగంట పెట్టేవాళ్లకి సరళీ, జంటలు రెండు కాలాల్లో కుదురుకోవడానికి ఆరేడు నెలలు, మలహరి రాగంలోని చిన్న పాటలైన గీతాలకి రావడానికి ఏడాది, వాటి తర్వాతి పెద్ద పాఠమైన వర్ణానికి రెండు మూడేళ్లు అనుకుంటే ఆశాభంగం ఉండదు. ప్రభుత్వ సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్ కోర్సే నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు.

చెవి ముందున్న మనిషికి పెద్ద పరీక్ష గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం. విన్న పాటంతా గమకాలే, వాయించేదంతా బోడి స్వరాలు. రెండో నెలలోనే వేలు ఊపేద్దామని చెయ్యి దురద పెడుతుంది. కంపితమనే గమకమంటే వేలు ఊరికే వణకడం కాదు. ఒక స్వరస్థానం నుంచి మరోదానికి కొలిచినట్టు వెళ్లి రావడం. ఆ రెండు స్థానాలూ ఖాయం కానివాడి ఊపుడు మధ్యలో ఎక్కడెక్కడో తిరుగుతుంది, అపశ్రుతి గమకం ముసుగేసుకుంటుంది. గీతాలు అయ్యేదాకా ఆగడమే మంచిది. ఆగలేనివాళ్లు ఒకటి చెయ్యొచ్చు. షడ్జమం తీగ మీద ఒకే వేలితో మధ్యమం నుంచి పంచమానికి నెమ్మదిగా జారి, పక్క తీగ వణికిందో లేదో చూసి, వెనక్కి రావడం. జారు మొదటి పాఠం అదే.

ఈ గాలి, ఈ చెమట

కళింగపట్నం నుంచి భీమిలి దాకా సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఫిడేలుకి మొదటి శత్రువు తేమ. వానాకాలంలో చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి, చలికాలం పొడిగాలికి వదులై జారుతుంటాయి. బిగుసుకున్నదానికి పొడి సబ్బు, జారేదానికి సుద్దముక్క, ఒరుసుకునే చోట కొంచెం రాస్తే చాలు. పెట్టెలో సిలికాజెల్ పొట్లాలు రెండు పడేసి, రంగు మారినప్పుడు మార్చుకోవాలి. పలకలు అతికేది వేడికి మెత్తబడే జిగురుతో. మే నెలలో మూసిన కారులో పెట్టి వదిలేస్తే అంచుల దగ్గర సందు పడుతుంది. సాధన అయ్యాక మెత్తని గుడ్డతో తీగల మీద చెమట, పై చెక్క మీద రోజిన్ పొడి తుడవాలి. వేలి కింద తీగ గరుకుగా తగిలినా, నల్లబడినా, శ్రుతిలో నిలవకపోయినా మార్చే వేళ అయిందన్నమాట. తెగేదాకా ఉంచుకోవడం పొదుపు కాదు. చచ్చిన తీగ మీద సరైన చోట వేలు పెట్టినా శ్రుతి తప్పినట్టే పలుకుతుంది, చెవి మాత్రం వేలిని తిడుతుంది.

గురువు దొరకని ఊరివాళ్ల సంగతి వేరే చెప్పాలి. సోంపేట, పలాస వైపు నుంచి వారానికోసారి రైలెక్కి ఆమదాలవలసలో దిగడమో, విజయనగరం దాకా పోవడమో అందరికీ కుదరదు. వీడియో కాల్ పాఠాలు పనికొస్తాయి గానీ రెండు చిక్కులున్నాయి. చప్పుడు ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి ఇద్దరూ కలిసి వాయించలేరు. పైగా ఆ యాప్‌లు ఆగకుండా మోగే ఫిడేలు నాదాన్ని ఫ్యాను హోరనుకుని నొక్కేస్తాయి, సెట్టింగుల్లో నాయిస్ సప్రెషన్ ఆపేసుకోవాలి. దానికన్నా నెలకి రెండుసార్లయినా ఎదురుగా కూర్చుని కమాను, కూర్చున్న తీరు దిద్దించుకుని, మధ్య వారాల్లో రెండు నిమిషాల రికార్డింగు పంపడం బాగా పనిచేస్తుంది. ఫోను అయిదారు అడుగుల దూరంలో, కమాను, బ్రిడ్జి రెండూ కనపడేలా పెట్టాలి. తంబురా మోగుతూ ఉండాలి, లేకపోతే శ్రుతి సంగతి గురువుకీ తేలదు. ఆ రికార్డింగు అదే పూట వినొద్దు. వాయించినప్పుడు చెవి సగం వేళ్లతో పోట్లాడుతూ ఉంటుంది. మర్నాడు చేతిలో ఫిడేలు లేకుండా వింటే కమాను తప్పేదో, గాంధారం తప్పేదో విడివిడిగా వినపడతాయి. వాటిలో ఒక్కటి కాగితం మీద రాసుకుని, ఆ వారం అదొక్కటే దిద్దుకోవాలి.